మాఫీ అన్నవాడి షాపులో కొన్న గడియారం

పొద్దున స్నానం చేసి రాగానే గడియారానికి కీ ఇస్తాను. దానికి బ్యాటరీ లేదు. పక్కనుండే చిన్న మరను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని తిప్పుతుంటే కరకరమని సన్నటి చప్పుడు వస్తుంది. ఖతర్‌లో దుఖాన్ అనే ఊళ్లోని మా స్టాఫ్ క్వార్టర్స్‌లో ఏసీ ఎంత హోరుపెట్టినా ఆ చప్పుడు నా చెవిని దాటిపోదు. ఎండిన శెనక్కాయలు ఒలుస్తున్నట్టు ఉంటుంది. ఈ పోలిక నాది కాదు. మా జగిత్యాల వైపు వాటిని పల్లికాయలంటాం. శెనక్కాయలన్న మనిషి ఓబులేసన్న, రాయచోటి దగ్గరి పల్లెటూరివాడు. గడియారం కొని ఇన్ని నెలలైనా ఆ చప్పుడు వినగానే నాకు కొత్త బట్టలు తొడుక్కున్న పిల్లాడిలా ఒళ్లంతా హుషారు పుడుతుంది. వెంటనే ఆయన గుర్తొస్తాడు.

ఇంత ఖరీదైన గడియారం నీకెందుకని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. మా ఆఫీసు అకౌంటెంట్ "ఫోన్‌లో టైము కనబడదా?" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతను వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది. నేను అలాంటివాణ్ణే. నన్ను తక్కువచేసినవాళ్లను మరచిపోను. పెళ్లి విందులో నా విస్తరిని దాటి పక్కవాడికి లడ్డు వేసిన మా చిన్న మేనమామను మరచిపోలేదు. మొదటిసారి ఖతర్ వస్తున్నప్పుడు విమానంలో రెండు సీట్ల మధ్య మోచేయి ఆనించుకునే పట్టెను దారిపొడుగునా తానొక్కడే వాడుకున్న పెద్దమనిషినీ మరచిపోలేదు. కాబట్టి గడియారాల షాపులో నాకు జరిగినదాన్ని మరచిపోతానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల పొరపాటు.

ఖతర్ వచ్చిన కొత్తలో, దోహా పక్కనుండే అల్ రయ్యాన్‌లో ఒక పెద్ద ఇంట్లో డ్రైవరుగా చేరాను. ఆ ఇంటికి ఇద్దరు డ్రైవర్లం. నాకంటే చాలా ముందు వచ్చినవాడు ఓబులేసన్న. గేటు పక్కన ఇద్దరికీ కలిపి ఒకే గది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఇక్కడి రౌండబౌట్లలో కుడివైపు నడపడం, మేడమ్ వెనక సీట్లో ఫోన్ మాట్లాడుతుంటే అద్దంలోకి చూడకుండా ఉండడం, "యల్లా" అంటే ఎప్పుడు బయల్దేరమనో ఎప్పుడు నోరు మూసుకోమనో గొంతును బట్టి తెలుసుకోవడం, అన్నీ ఆయనే నేర్పాడు. ఖతర్‌కు రాకముందు మదనపల్లె మార్కెట్లో టమేటాలు ఏరే పని చేసేవాడట. ఏ సంగతి చెప్పినా చివరికి టమేటా దగ్గరికే తెచ్చేవాడు.

చేరిన కొత్తలోనే ఒకరోజు ఇంటి ఆడపిల్లలను మాల్‌కు తీసుకెళ్లాను. వాళ్లు తిరిగి వచ్చేదాకా నేను లోపలే తచ్చాడుతున్నాను. అప్పుడు కనబడింది, ఒక షాపు అద్దం వెనక, తెల్లటి డయలు మీద నీలం ముళ్ల గడియారం. ముళ్లు నల్లగా ఉన్నాయనుకుని తల కాస్త వంచితే నెమలి మెడలా నీలంగా మెరిశాయి. అట్లాంటి వస్తువును అంత దగ్గరగా నేనెన్నడూ చూడలేదు. కాళ్లు వాటంతటవే లోపలికి నడిచాయి. లోపల గల్లా వెనక ఒకడు ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ గడియారం వైపు వేలు చూపించి హిందీలో అడిగాను. అతను తల కొంచెం ఎత్తి నా యూనిఫామ్ చొక్కా చూశాడు, చేయి ఊపాడు. "మాఫీ, మాఫీ" అన్నాడు.

మా ఊళ్లో మాఫీ అంటే ఒకటే అర్థం. సర్కారు అప్పు మాఫీ చేస్తుంది, పెద్దలు తప్పు మాఫీ చేస్తారు. పాపం, పనిలో ఉన్నాడు, వెంటనే చూపించలేనందుకు మన్నించమంటున్నాడని అనుకున్నాను. ఇంత పెద్ద షాపువాడు నాబోటివాణ్ణి మన్నింపు అడగడం నాకెంతో నచ్చింది. "కోయీ బాత్ నహీ భాయ్" అని అతనికే ధైర్యం చెప్పి, ఛాతీ మీద చేయి పెట్టుకుని మరీ బయటికి వచ్చాను.

సాయంత్రం గదిలో టీ తాగుతూ ఓబులేసన్నకు ఈ సంగతి చెప్పాను. "మస్తు మర్యాదగల్లోడే అన్నా. మాఫీ అన్నడు. ఫర్వాలేదని జెప్పి అచ్చిన."

ఆయన నోట్లో ఉన్న టీ చొక్కా మీద పడింది. "మాఫీ అన్నాడా! ఓరి నీ అమాయకత్వం పాడుగాను. ఈ దేశంలో మాఫీ అంటే ల్యాదని అర్థమప్పా. అంగడి నిండా గడియారాలు పెట్టుకోని నీకు మాత్రం ల్యాదన్నాడు వాడు!"

"ల్యాదన్నడా?"

"ల్యాదు, పో, అన్నాడు. నువ్వేమో మన్నించి వచ్చినావు!"

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. నాకు మాత్రం చెవులు కాలిపోయాయి. అవమానం కొత్త కాదు. అవమానించినవాణ్ణి నా నోటితోనే, నవ్వుతూ, ఛాతీ మీద చేయి పెట్టుకుని క్షమించి వచ్చానే, అదీ నా కడుపుమంట. ఇచ్చిన మన్నింపును వెనక్కి తీసుకునే దారి ఏదైనా ఉందా అని ఆ వారమంతా ఆలోచించాను. షాపు మేనేజరుకు ఫిర్యాదు చేస్తానన్నాను. అదే షాపుకు వెళ్లి, అన్ని గడియారాలూ తీయించి, బల్ల నిండా పరపించి, ఆఖర్న "మాఫీ" అని లేచి వస్తానన్నాను. ఆ ఒక్క మాటను ఏ గొంతుతో అనాలో అద్దం ముందు సాధన కూడా చేశాను.

ఓబులేసన్న అంతా విని అడిగాడు. "సరే గానీ మల్లేశా, ఒకటి చెప్పు. నీకు గడియారం కావల్నా, వాని మొహం కావల్నా?"

"రెండూ గావాలె అన్నా."

"రెండూ ఒకే అంగట్లో దొరకవప్పా. ఒకటి చూస్తాంటే ఇంగొకటి కనపడదు."

ఆ మాట నాకప్పుడు నచ్చలేదు. నా పక్షాన నిలబడకుండా నీతులు చెబుతున్నాడని ఆయన మీద కూడా కొన్నాళ్లు కోపం పెట్టుకున్నాను. కానీ ఆయన ఊరికే ఉండలేదు. డ్యూటీలో మాల్ దగ్గర ఖాళీ దొరికినప్పుడల్లా నన్ను గడియారాల షాపులకు లాక్కుపోవడం మొదలుపెట్టాడు. ఆయన చేతికున్నది ప్లాస్టిక్ పట్టీ గడియారం, దాన్ని మార్చాలని ఎన్నడూ అనుకోలేదు. నా కోసమే ఆ తిరుగుడంతా. లోపలికెట్లా అడుగుపెట్టాలో ముందు నేర్పాడు. "దండం పెట్టినట్టు పోవద్దు, దబాయించినట్టు పోవద్దు. టమేటాలు ఏరుకొనేదానికి పోయినట్టు పో. నువ్వు కాయను చూస్తావు, తట్ట పట్టుకున్నోణ్ణి చూడవు."

నిజం చెప్పాలంటే అవి నా జీవితంలో చాలా సంతోషంగా గడిచిన రోజులు. ఒక్కో షాపులో ఒక్కో కొత్త సంగతి తెలిసేది. మొదట్లో నా మనసంతా పెద్ద గడియారాల మీదే ఉండేది. లోతు నీళ్లలోకి దిగేవాళ్లు పెట్టుకునేవి, ఉక్కు పట్టీవి, చేతి మీద గిన్నె బోర్లించినట్టుండేవి. అట్లాంటిదొకటి పెట్టుకుని మురిసిపోతుంటే ఓబులేసన్న షాపు మధ్యలో నిలబడి ఆజ్ఞాపించాడు. "స్టీరింగు పట్టుకో. ఇప్పుడు యూ టర్న్ కొట్టు." గడియారాలు చూపించే ఫిలిప్పీన్స్ అమ్మాయి నోరు తెరిచి చూస్తుండగా నేను గాలిలో స్టీరింగ్ తిప్పాను. మర వెళ్లి ముంజేతి వెనక ఎముకకు గుచ్చుకుంది. "చూసినావా! దుఖాన్ దాకా పోతే చెయ్యి వాస్తాది. చిన్నది చూడు, చొక్కా చేతుల్లోకి దూరల్ల." ఆ అమ్మాయి నవ్వాపుకోలేక, ఇంకొకటి పెట్టి తనే "యూ టర్న్ సర్" అంది. ఆ రోజు నుంచి మేము వెళ్తే ఆమె మాకు టీ తెప్పించేది.

ఆమే చెప్పింది, కొన్ని గడియారాలకు కీ ఇవ్వక్కర్లేదని, చేయి కదులుతుంటే వాటంతటవే నడుస్తాయని. నాకది గొప్ప సౌకర్యంగా తోచింది. ఓబులేసన్న మాత్రం పెదవి విరిచాడు. "స్టీరింగు తిప్పితే అదే నడుస్తాదంటనా? అయితే అది కూడా సారు డ్యూటీనే కదప్పా. నీ కోసరం నువ్వు తిప్పుకొనేది కొను." నా మొదటి గడియారం కీ ఇచ్చేదే కావాలని ఆ క్షణాన తేలిపోయింది. ఇంకోసారి కారు తుడుస్తూ అన్నాడు, "వెనక సీట్లో కూర్చున్నోళ్లకు మన మొహం కనపడదు. దినమంతా వాళ్లకు కనపడేది ఈ చెయ్యే. దానికొక మంచి వస్తువు పెడితే తప్పేముండాది?" గడియారం కొంటానంటే నన్ను తప్పుపట్టనివాడు నాకు తెలిసి ఆయనొక్కడే.

ఆయనకు షుగరుండేది. లైసెన్స్ రెన్యువల్ కోసం కళ్ల పరీక్షకు పోతే అక్షరాలు కనబడలేదు. నాకు చెప్పకుండా అప్పటికే కొన్నాళ్లుగా సాయంత్రం డ్యూటీలు నాకు వదిలేస్తున్నాడు. ఆయన సోమరితనం చేస్తున్నాడని అప్పుడు గొణుక్కున్నాను. లైసెన్స్ లేక ఉద్యోగం పోయి, ఊరికి బయల్దేరాడు. ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్లాను. కారు దిగుతూ, "కొన్నప్పుడు ఫోటో పంపించు. నీలం ముళ్లంటివే, అవి చూడల్ల నేను" అన్నాడు. చూపు ఉండగానే చూపించాలని నేను మనసులో గట్టిగా అనుకున్నాను. ఇల్లు మారాను, కంపెనీ మారాను, బస్సు నడిపాను, చివరికి దుఖాన్‌లో ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజరునయ్యాను. కానీ ఇంటి అవసరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆయన చూపు నా కోసం ఆగలేదు. రెండు కళ్లకూ ఆపరేషన్లయ్యాయి, మిగిలింది వెలుగూ చీకటీ తేడా తెలిసేంతే అని ఆయన కూతురు ఫోన్‌లో చెప్పింది.

అయినా కొనాలనే అనుకున్నాను. కొనే రోజు దుఖాన్ నుంచి దోహాకు కారు నడుపుతుంటే స్టీరింగ్ మీద వేళ్లు తాళం వేస్తున్నాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాను. నగరంలో షాపులు బోలెడున్నా నేను పోయింది మాత్రం ఆ షాపుకే. నేను అనాల్సిన "మాఫీ" నాలుక మీద సిద్ధంగా ఉంది. గల్లా వెనక నెరిసిన జుట్టు మనిషి ఒకడు లేచి నిలబడి "వెల్‌కమ్ సర్" అన్నాడు. వాడే అనిపించింది. లోపల మంట భగ్గుమంది. తెల్ల డయలు, నీలం ముళ్లు, కీ ఇచ్చేది, చిన్న సైజు, అని వరసగా చెప్పాను. ఇంకా వేరేవి కూడా చూపించమన్నాను. బల్ల నిండా పరిచాడు. ఆ ఒక్క మాట అని లేచి రావడమే మిగిలింది.

అప్పుడు ఆ గడియారాన్ని నా చేతికిచ్చి, కీ తిప్పి చూడమన్నాడు. తిప్పాను. కరకరమంది. వెనకవైపు అద్దంలోంచి ఇత్తడి చక్రాలు కనబడుతున్నాయి. చచ్చినట్టు పడి ఉన్న ఒక చక్రం నా వేలి కదలికకు ఒక్కసారిగా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. నా గుండె కూడా అట్లాగే కొట్టుకుంది. చేతికి పెట్టుకుని, షాపు మధ్యలో నిలబడి, గాలిలో స్టీరింగ్ పట్టుకుని యూ టర్న్ కొట్టాను. ఎక్కడా గుచ్చుకోలేదు. "ఇదే, కొంటున్నా" అన్న మాట నాదేనని కాసేపటికి గాని తెలియలేదు.

సంచీలో పెట్టి ఇస్తూ అతను ఏదో వెతికాడు. గడియారంతో పాటు తోలు పౌచ్ ఒకటి రావాలట. "సర్, పౌచ్ మాఫీ" అన్నాడు నొచ్చుకుంటూ, చేతులు తెరిచి చూపించి.

"కోయీ బాత్ నహీ భాయ్" అన్నాను.

తలుపు దాటి నాలుగడుగులు వేశాక గాని నేనేమన్నానో నాకు అర్థం కాలేదు. అదే షాపు, అదే మాట, అదే జవాబు. కానీ ఈసారి అతని దగ్గర నిజంగానే లేదు.

కారులో కూర్చుని ఓబులేసన్నకు ఫోన్ చేశాను. కొన్నానంటే పెద్దగా కేక పెట్టాడు. "వాడేనా? వాని మొహం ఎట్లుండాది ఇప్పుడు?" అని అడిగాడు.

గుర్తు తెచ్చుకోబోయాను. నెరిసిన జుట్టు తప్ప ఏమీ రాలేదు. విమానంలో మోచేతివాడి మీసం కూడా గుర్తున్న నాకు, అరగంట ఎదురుగా కూర్చున్నవాడి ముక్కు గుర్తులేదు. "సూడలేదే అన్నా" అన్నాను.

ఆయన నవ్వు ఆ పాత గదిలో విన్నట్టే వినిపించింది. క్షమించానని మాత్రం ఎవరూ అనుకోవద్దు. పౌచ్ సంగతి వేరు, నా యూనిఫామ్ చూసి చేయి ఊపిన సంగతి వేరు. ఆ పౌచ్‌ను కూడా వాళ్లను ఫోన్ల మీద ఫోన్లు చేసి సతాయించి తెప్పించుకున్నాను.

నవ్వాగాక ఓబులేసన్న నెమ్మదిగా అన్నాడు. "ఫోటో పంపినా నాకు లాభం ల్యాదు కదప్పా."

నేను ఫోన్‌ను గడియారానికి ఆనించి కీ తిప్పాను.  "శెనక్కాయలు ఒలిచినట్టుండాదే!" అన్నాడు. "ఇంగోసారి తిప్పు."

"కీ నిండింది అన్నా. ఇగ తిరగది ఇయ్యాల."

"అయితే రేపు తిప్పు. నేనింటా."

అందుకే పొద్దున స్నానం కాగానే ముందు రాయచోటికి ఫోన్ కలుపుతాను, తర్వాతే కీ ఇస్తాను.