ఏ కెమెరాలోనూ ఆడని టేపు

మా అత్తయ్య పోయిందన్న కబురు వచ్చేసరికి నేను రాయ్‌పూర్ దగ్గర అభన్‌పూర్‌లో ఒక పెళ్ళి వీడియో తీస్తున్నాను. ఫోన్ చేసింది మా చెల్లెలు. జీలకర్ర బెల్లం అయింది, తలంబ్రాలు ఇంకా కావాలి. అన్నీ వదిలేసి వచ్చేద్దామనుకున్నాను. అలా వస్తే ముందు తిట్టేది అత్తయ్యే. "మనకోసం తలంబ్రాలు రెండోసారి పొయ్యరురా" అని ఎప్పుడూ అనేది. తిట్టే మనిషి లేదని తెలిసి కూడా తలంబ్రాలయ్యేదాకా నిలబడి తీశాను, కళ్ళు తుడుచుకుంటూనే. ఆ తర్వాతే బండెక్కాను.

ఆవిడ మా నాన్నకి అక్క. పెళ్ళయ్యాక శ్రీకాకుళం వైపు నుంచి రాయ్‌పూర్ వచ్చింది. మావయ్య డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో, రైలు వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టర్. వాళ్ళ క్వార్టరు ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని అత్తయ్య పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేది. నేను తీసేవాణ్ణి, ఆవిడ కూర్చేది. ఈ పాతికేళ్ళలో కాలనీలో పెళ్ళయిన తెలుగువాళ్ళు దాదాపు అందరూ ఆవిడ కళ్ళముందు నుంచి వెళ్ళినవాళ్ళే. ఛత్తీస్‌గఢీ పెళ్ళిళ్ళూ వచ్చేవి. వాళ్ళ పాటలు ఎక్కడ కోస్తే ఏం తప్పవుతుందోనని పక్కింటావిణ్ణి పిలిచి, టీ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకునేది.

ఈ పనిలో లేనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. కెమెరాలు చేసే కంపెనీలకీ, మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలకీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు. ఈ కెమెరా తీసింది ఆ సాఫ్ట్‌వేర్ చదవదు. చదివితే బొమ్మ వస్తుంది, మాట రాదు. ఒకడి వైరు ఇంకొకడికి పట్టదు. టేపులు పోయి కార్డులొచ్చాకైనా వీళ్ళకి బుద్ధొస్తుందనుకున్నాం. అక్కడా ఎవడి గోల వాడిదే. కొత్త కెమెరా వచ్చిందంటే అది తీసిన ఫైళ్ళన్నీ ఇంకో రూపంలోకి మార్చుకుంటూ కూర్చోవాలి. నేను పళ్ళు నూరుకునేవాణ్ణి. అత్తయ్య మాత్రం కంప్యూటర్ ముందు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చునేది.

"ఈళ్ళు వియ్యంకులురా," అంది ఒకసారి. "పెళ్ళి సెయ్యడం మన వంతు. అలకలు ఆళ్ళ వంతు."

ఆవిడ పనితనంలో నాకు బాగా నచ్చింది ముసలివాళ్ళ దగ్గర చెయ్యి ఆపడం. కుర్చీలో కునికే తాతగారినీ, అక్షింతలు వెయ్యబోయి పక్కవాళ్ళ మీద వేసే మామ్మగారినీ నేను కోసెయ్యమనేవాణ్ణి. ఒప్పుకునేది కాదు. పెళ్ళికూతురు రేపూ దొరుకుద్ది, ఈళ్ళు దొరకరు అనేది. ఆ క్యాసెట్లు, సీడీలు దాచుకున్న ఇళ్ళలో ఇప్పుడు జనం వెతుక్కుంటున్నది ఆ ముసలివాళ్ళనే.

ఇంకో పద్ధతి కూడా ఉండేది ఆవిడకి. బయటివాళ్ళ పని ముందు, ఇంటి పని ఆఖరు. "మనదేటి, మనింట్లోనే ఉంటాది కదా" అనేది. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

ఏటా విశ్వకర్మ పూజ రోజు వర్క్‌షాపు గేటు ఇంట్లోవాళ్ళకి కూడా తెరుస్తారు. మావయ్య రిటైరయ్యే ఏడాది ఆ పూజకి అత్తయ్య మొదటిసారి తనే కెమెరా పట్టుకుని వెళ్ళింది. నేను ఒక రైస్ మిల్లులో పూజ తీస్తున్నాను, టేపులన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఆవిడ చేతిలో మా పాత కెమెరా, ఒకే ఒక్క టేపు. ఆ కెమెరాల్లో ఒక వెసులుబాటు ఉండేది. టేపు నెమ్మదిగా తిరిగేలా పెడితే అదే టేపులో ఎక్కువసేపు పడుతుంది. చిక్కేమిటంటే, మామూలు వేగంలో తీసింది ఏ కంపెనీ కెమెరా అయినా చూపిస్తుంది, నెమ్మదిగా తీసింది మాత్రం చాలాసార్లు తీసిన కెమెరాలోనే ఆడుతుంది. ఈ సంగతి నాకు నేర్పింది అత్తయ్యే. పెళ్ళిళ్ళలో నన్ను ఆ మీట ముట్టుకోనిచ్చేది కాదు. ఆ రోజు మాత్రం మావయ్య మిషన్ల గురించి చెబుతుంటే మధ్యలో టేపు అయిపోతుందేమోనని, తనే ఆ మీట నొక్కింది.

టేపు ఇంటికొచ్చి అరలో కూర్చుంది. పెళ్ళిళ్ళ సీజను మొదలైంది. ఎవరెవరి పెళ్ళిళ్ళో కంప్యూటర్ మీదికి ఎక్కి దిగాయి, మావయ్య వంతు రాలేదు. ఈలోగా పాత కెమెరా ఇచ్చేసి ఇంకో కంపెనీది తెచ్చుకున్నాం. కొత్తది చేతికొచ్చిన సంబరంలో ఆ టేపు సంగతి ఎవరికీ తట్టలేదు.

రిటైరైన కొన్నాళ్ళకే మావయ్య గుండెపోటుతో పోయాడు. పెద్దకర్మ అయ్యాక అత్తయ్య ఆ టేపు తీసి కొత్త కెమెరాలో పెట్టింది. తెరంతా గళ్ళు. మాట తునకలు తునకలుగా వచ్చింది. వెనక్కి తిప్పింది, లోపల తుడిచింది, మళ్ళీ పెట్టింది. చాలాసేపటికి, "నానే సేసుకున్నాను" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి ఆ పాత కెమెరాలాంటిది ఎక్కడైనా ఉందేమోనని వెతకని స్టూడియో లేదు. కంపెనీవాళ్ళు ఆ రకం చెయ్యడం మానేశారు. ఒకర్ని ఒకరు మించిపోవాలన్న పరుగులో వాళ్ళకి పాతవాటితో పనేముంది? మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చిందని నేను చెప్పినప్పుడల్లా, "ఇందులో ఆ టేపు తెరుసుకుంటాదేటిరా" అని అడిగేది. టేపు కెమెరాలోనే ఆడకపోతే సాఫ్ట్‌వేర్ ఏం చెయ్యగలదు? అది ఆవిడకి తెలియక కాదు. చూద్దాం అత్తా అనేవాణ్ణి.

మొన్న ఆవిడ పెద్దకర్మకి, వచ్చినవాళ్ళకి చూపించడానికి అత్తయ్య వీడియో ఏదైనా పెట్టమని మా చెల్లెలు అడిగింది. ఉన్న డిస్కులన్నీ తిరగేశాను. ఎన్ని పెళ్ళిళ్ళో, ఎంతమంది జనమో. అత్తయ్య ఎక్కడా లేదు. పెళ్ళికి వచ్చినా నా కెమెరా వెనకే నిలబడేది మరి. ఎవరినీ కొయ్యనివ్వని మనిషి తనని మాత్రం ఒక్క చోటా ఉంచుకోలేదు. గోడకి ఫోటో పెట్టి, దానికే దండ వేసి ఊరుకున్నాం.

కదిలే అత్తయ్య ఉన్నది ఆ ఒక్క టేపులోనే. అది మాకు తిల్దాలో తెలిసింది. పోయిన చలికాలంలో, అత్తయ్య ఉండగా, ఆ ఊళ్ళో ఒక పాత స్టూడియోలో అచ్చం మా కెమెరాలాంటిదే ఉందని తెలిసి ఆవిడా నేనూ లోకల్ రైల్లో వెళ్ళాం. లోపల టేపు చదివే హెడ్డు అరిగిపోయింది దీదీ, ఎంతసేపు ఆడుతుందో చెప్పలేనని స్టూడియో ఆయన ముందే అన్నాడు. అత్తయ్య టేపు ఇచ్చింది.

ఆడింది. అరచేతిలో పట్టేంత తెర మీద మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, బొట్టు పెట్టిన మిషన్ పక్కన నిలబడి ఏదో వివరిస్తున్నాడు. అంతలో మాట ఆపేసి సూటిగా మా వైపు చూశాడు.

"ఎంతసేపూ నన్నే తీత్తన్నావు. ఇలగియ్యి, నిన్ను తీత్తాను."

ఆ రోజు మావయ్య కెమెరా తీసుకున్న సంగతే అత్తయ్య మరిచిపోయిందట. తనని ఎలా తీశాడో, తనేం చేసిందో, నవ్విందో లేదో ఏమీ గుర్తులేదని తిరిగొచ్చేటప్పుడు రైల్లో చెప్పింది. అదంతా ఆ టేపులోనే, ఆ తర్వాత ఉంది. మేం అంతవరకూ చూడలేదు. బొమ్మ గళ్ళు పడటం మొదలైంది. కెమెరా అందుకోవడానికి మావయ్య చెయ్యి దగ్గరికొచ్చి, తెరంతా నిండి, అక్కడే ఆగిపోయింది. ఇంకా తిప్పితే టేపు నలిగిపోతుందని స్టూడియో ఆయన ఆపబోతున్నాడు. అత్తయ్య వినిపించుకోలేదు. గళ్ళు పడ్డ ఆ చేతినే చూస్తూ, ఇచ్చేస్తున్నట్టుగా, తన ఖాళీ చేతులు రెండూ మెల్లగా ముందుకి చాపింది.