గడ్డి కింద ఉత్తరం

మొన్న నూజివీడులో మా అక్కకు సన్మానం చేశారు. యాభై దాటినవాళ్ళ మారథాన్‌లో దేశం మొత్తానికి ఫస్టు వచ్చింది మరి. శాలువా కప్పారు, ఫోటోలు దిగారు, అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత మా అన్నయ్య మైకు అందుకుని, "మా నాన్నగారి ప్రోత్సాహమే లేకపోతే మా చెల్లెలు ఇంతదయ్యేది కాదండీ" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయినవాళ్ళ గురించి చెడు చెప్పకూడదంటారు. సరే, చెడు చెప్పను, జరిగింది చెబుతాను.

అక్క డిగ్రీ చదివే రోజుల్లో, తెల్లవారగానే మా మామిడి తోటకు వెళ్ళే వంకతో బయల్దేరి హనుమాన్ జంక్షన్ రోడ్డు పట్టేది. వట్టికాళ్ళతో, చున్నీ నడుముకు బిగించి ఒకటే పరుగు. అమ్మకు తెలుసు, తెలియనట్టే ఉండేది. మొదటి బస్సు డ్రైవరు పాపం ఆమెను చూడగానే బ్రేకు వేసేవాడు. కండక్టరు తల బయటపెట్టి, "బస్సు తప్పిపోయిందా అమ్మా? ఎక్కు, ఎక్కు!" అనేవాడు. ఆడపిల్ల పరిగెడుతోందంటే బస్సు కోసమో, కుక్క తరిమితేనో తప్ప ఇంకో కారణం మా వైపు ఎవరికీ తోచేది కాదు. చివరికి సంగతి నాన్న చెవిన పడింది. "పరుగు పరుగంటూ ఇంటి పరువు తీస్తున్నావు" అని కేకలేశాడు. రెంటికీ ఒక్క అక్షరమే తేడా. ఆ అక్షరం మీద మా ఇంట్లో ఏడాదిపాటు యుద్ధం జరిగింది. అయినా కాలేజీ మేడమ్ పూచీ మీద పోటీకి వెళ్ళి, ఇరవై ఒకటో ఏట రాష్ట్రంలో ఫస్టు వచ్చింది.

ఇక జాతీయ శిక్షణ శిబిరానికి పిలుపు వస్తుందని మేడమ్ చెప్పింది. అక్క రోజూ పోస్టుమాన్ కోసం గేటు దగ్గర కాపు కాసింది. ఉత్తరం రాలేదు. ఈలోగా కాపు దిగింది. ఇంటికి ఉంచుకున్న రసాల కాయలను గదిలో వరిగడ్డి పరిచి మాగేశాం. వారం దాకా ఆ తలుపు తియ్యకూడదని నాన్న ఆజ్ఞ. వారం తర్వాత నేనూ అక్కా కూర్చుని పండినవి ఏరుతుంటే, గడ్డి అడుగున అక్క చేతికి కవరు తగిలింది. అప్పటికే ఎవరో చింపి చదివారు. లోపల శిబిరం పిలుపు. మొదలై నాలుగు రోజులైంది. అక్క దాన్ని తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టింది.

"సంబంధం కుదిరేదాకా ఆగమన్నాను, అంతేగా" అన్నాడాయన, పండు జుర్రుకుంటూ.

"మీరు ఆగమనలేదు నాన్నా, దాచేశారు" అంది అక్క.

అక్క ఏడవలేదు కూడా. ఆ శ్రావణంలోనే పెళ్ళి చేసేశారు. మళ్ళీ పరుగు మొదలుపెట్టింది నలభై దాటాకే. అప్పటి నుంచి పాల్గొన్న ప్రతి పోటీలోనూ ఏదో ఒక పతకం తెస్తూనే ఉంది. మా చుట్టాలేమో ఈ వయసులో ఇదేం చోద్యమని ముక్కున వేలేసుకుంటారు. ఆ వయసులో ఎందుకు పరిగెత్తలేదని మాత్రం ఒక్కరూ అడగరు!

సన్మానంలో అన్నయ్య తర్వాత మైకు అక్క చేతికి వచ్చింది. "మా అన్నయ్య మర్చిపోయినట్టున్నాడండీ. మా నాన్నగారు నా ఉత్తరం గడ్డి కింద దాచారు" అంది, మామూలు గొంతుతో. ఈసారి చప్పట్లు లేవు. అన్నయ్య వాచీ చూసుకున్నాడు. నేను ఒక్కదాన్నే లేచి నిలబడి, చేతులు మండేదాకా కొట్టాను. అక్క ఇంకా ఎన్ని పతకాలైనా తెస్తుంది. ఆ ఇరవై ఒకటో ఏడు మాత్రం ఆమెకు ఎవరు తెచ్చిస్తారు?