ఆ బోర్డే ఎందుకు?

మా పక్కింటి ఆంటీ పోయారు. అంకుల్ మెసేజ్ వచ్చేసరికి నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. చదివాను. నా వంతు రాగానే మ్యూట్ తీసి, చేసిన పని చెప్పి, మళ్లీ మ్యూట్ పెట్టుకున్నాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తుంటే కూడా రావడం లేదు.

అమెరికాలో మేముండే ఈ నోవై ఊళ్లో మా రెండిళ్లకీ మధ్య డ్రైవ్‌వే ఒక్కటే అడ్డం. ఆవిడ కార్ల కంపెనీలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్‌గా చేసి రిటైరయ్యారు. చుట్టరికం లేదు కాబట్టి నాకు మైల లేదు, ఆఫీస్‌లో సెలవూ లేదు. మర్నాడు మామూలుగానే లాగిన్ అయ్యాను. మీలో ఎవరికైనా ఇలా పక్కింటి మనిషి పోయి ఉంటే, ఆ మామూలు ఎంత వింతగా ఉంటుందో తెలిసే ఉంటుంది.

ఈ చలికాలం మొదట్లో, సొంతంగా కంప్యూటర్ బిల్డ్ చేసుకుంటానని ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఇన్నేళ్లు సాఫ్ట్‌వేర్ మీద బతికి ఒక్కదాని మూతైనా విప్పి చూడలేదంటే, వంట రాకుండా హోటల్ నడుపుతున్నావన్నమాట అని నవ్వారు. టీ ఇచ్చి, పాత మదర్‌బోర్డు ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టారు. ప్రాసెసర్ ఇక్కడ కూర్చుంటుంది, మెమరీ ఇక్కడ, తక్కినవన్నీ వచ్చి దీనికే తగులుకోవాలి అని చూపించారు. చూపించడానికి ఆవిడకి ఎప్పుడూ కాలిపోయిన అగరొత్తి పుల్లే.

నేను మొదట ఎంచిన బోర్డుకి చుట్టూ రంగురంగుల లైట్లు. “పందిరి చూసి సంబంధం ఖాయం చేసుకుంటామా అమ్మాయ్?” అన్నారు. రెండోది నా ప్రాసెసర్‌కే సరిపడదు. విసుగొచ్చి, మీరే ఒకటి చెప్పండి, కొనేస్తాను అన్నాను.

“నేను చెప్తే అది నా కంప్యూటర్ అవుతుంది. నీకు నచ్చింది కొనుక్కో. ఆ బోర్డే ఎందుకో మాత్రం వచ్చి నాకు చెప్పాలి.”

నేను చదివిన బ్రాంచి నాన్న చెప్పింది. ఉద్యోగం కన్సల్టెన్సీ చూపించింది. ఈ ఇల్లు కూడా స్నేహితులు ఇక్కడ కొన్నారని కొన్నదే. ఎందుకు అని అంతవరకు నన్నెవరూ అడగలేదు. అందుకే పట్టుబట్టి చదివాను, రెండుసార్లు మనసు మార్చుకున్నాను, చివరికి ఒకటి ఆర్డర్ చేశాను. అది వచ్చేనాటికి ఆవిడ గుండె నొప్పితో హాస్పిటల్‌లో ఉన్నారు. ఇంటికొచ్చాక తీరిగ్గా చెబుదామనుకున్నాను. ఆవిడ ఇంటికి రాలేదు.

కర్మలన్నీ అయ్యాక ఒక సాయంత్రం అంకుల్ వచ్చారు. కుర్చీలో కూర్చున్నారు.

“బోర్డు వచ్చిందామ్మా? హాస్పిటల్‌లో అడుగుతుండేది, ఆ అమ్మాయి ఏది కొందో, ఎందుకు కొందో కనుక్కోండి అని.”

పెట్టె తెచ్చి ఆయన ముందు విప్పాను. మెమరీకి నాలుగు చోట్లున్నాయి, ఇప్పుడు రెండు నింపితే చాలు, మిగతావి తర్వాత చూసుకోవచ్చు అన్నాను. వైఫై ఇందులోనే ఉందన్నాను. నేను తీసుకున్న కంప్యూటర్ కేస్‌లో సరిగ్గా పడుతుందన్నాను. ఈ మాటలు ఆవిడకి చెప్పాల్సినవి. జీవితమంతా అకౌంట్స్ చూసిన ఆయనకి ఒక్క ముక్కా అర్థమై ఉండదు. అయినా ప్రతిదానికీ తలూపారు. నేను ఆగగానే “ఇంకా చెప్పమ్మా” అన్నారు.

చెబుతూనే ఉన్నాను. ఆయన బూట్లు విప్పడం మరిచిపోయి లోపలికి వచ్చేశారు. వాటికంటిన మంచు కరిగి, నీళ్లు మెల్లగా నా కుర్చీ కిందికి వచ్చాయి. తుడవడానికి ఇద్దరమూ లేవలేదు.