చెంబుకి ఇంకో పేరు

నాకు నటన రాదు. కోపం మాత్రం బాగా వస్తుంది. అది తెలిసే నా భార్య నన్ను చర్చి నాటకంలోకి లాగింది.

ఆవిడ పుట్టుకతో క్రైస్తవురాలు, నేను హిందువుని. ఆదివారాలు, మేం వలసొచ్చిన ఈ దేశంలో, లిటిల్ ఇండియా దగ్గరి హాల్లో తెలుగు ఆరాధన జరుగుతుంటే నేను కింద కాఫీ తాగుతూ కూర్చునేవాణ్ణి. ఇరవై ఏళ్లు ఏ గొడవా లేకుండా గడిచాయి. పద్దెనిమిదేళ్లు నిండగానే మా అమ్మాయి బాప్తిస్మం తీసుకుంటానంది.

"డిగ్రీ అవ్వనీ, చూద్దాం. ఊళ్లో మీ నానమ్మకి ఏం చెప్పమంటావ్?" అని ఎగిరాను.

"అడగట్లేదు నాన్నా, చెప్తున్నా. డిసైడెడ్ లా," అని ఇక్కడి యాసలో తేల్చేసి గదిలోకెళ్లి తలుపేసుకుంది. బెడోక్‌లో మా ఫ్లాట్ ఎంతని? అయినా నెల్లాళ్లు ఒకరికొకరం ఎదురుపడలేదు.

నాటకం రోము చక్రవర్తుల కాలం నాటి ఒక పునీతురాలి కథ. చంటిబిడ్డ తల్లి, ఇరవై రెండేళ్లది. క్రైస్తవురాలినని ఒప్పుకున్నందుకు చెరసాలలో పెట్టారు. క్రైస్తవురాలిని కాదని ఒక్క మాటంటే వదిలేస్తారు, అనకపోతే చంపేస్తారు. ఆ మతం కాని తండ్రి వచ్చి బతిమాలతాడు. కూతురి వేషం మా అమ్మాయిది.

"తండ్రి వేషానికి మీరే సరి. రిహార్సల్ కూడా అక్కర్లేదు," అంది నా భార్య.

వెంటనే ఒప్పుకున్నాను. స్టేజీ మీదైతే తలుపేసుకుని పోలేదు కదా!

ఆ రోజు హాలు నిండా ఇక్కడ షిప్‌యార్డులో పనిచేసే తెలుగు కుర్రాళ్లు. "ఒక్కసారి కాదని చెప్పమ్మా! లోపల ఏం నమ్ముకుంటావో నమ్ముకో. బిడ్డ మొహం చూడు," అన్నాను. అంతవరకూ రాసిందే. "మీ నానమ్మకి నేనేం చెప్పను?" అని కూడా అనేశాను. ముందు వరసలో నా భార్య తల పట్టుకుంది.

మా అమ్మాయి తడబడలేదు. పక్కనున్న చెంబు ఎత్తి చూపించింది.

"నాన్నా, ఇదేంటి?"

"చెంబు."

"దీన్ని ఇంకో పేరుతో పిలవగలవా?"

"లేను."

"నేనూ అంతే నాన్నా. నేనేంటో అదే చెప్పగలను."

ఆ గొంతులో మొండితనం లేదు, ఏడుపు లేదు. విశ్వాసమంటే పంతమనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ చెరసాలలోని పిల్ల పంతానికి పోలేదు, ప్రాణం మీదికొచ్చినా అబద్ధం ఆడలేకపోయింది, అంతే. ఇంత నిబ్బరంగా నిలబడ్డ మనిషి నా ఇంట్లోనే పెరిగిందా అని నాకు ఒళ్లు పులకరించింది.

నాటకం ప్రకారం నేనిప్పుడు "నువ్వు నా కూతురివే కాదు" అని అరిచి వెళ్లిపోవాలి.

"నువ్వు నా కూతురివే," అన్నాను.

నాటకం రాసిన చర్చి పెద్దాయన, మా అందరికీ అంకుల్, తెర వెనక నుంచి "కాదు... కాదు అనండి!" అని అందిస్తున్నాడు.

"నా కూతురే అంకుల్," అన్నాను, వెనక బెంచీలదాకా వినిపించేలా.