పెత్తరమాసకు ఖాళీ అయ్యే మ్యూజియం

మా టీచరమ్మ పోయారు. కొత్త రాష్ట్రం వచ్చిన సంబురానికి కాలనీలో కట్టిన తోరణాలు వానకు తడిసి రంగు కారుతున్న రోజులవి. ఒక ఉదయం, మొదటి షిఫ్టు సైరన్ మోగిన కాసేపటికి పడవ కాక మా గేటు దగ్గరికి వచ్చాడు. ఆయన గోదారి ఒడ్డు వదిలి కాలనీలోకి రావడమే అరుదు. తువ్వాలతో ముఖం తుడుచుకుని, "టీచరమ్మ పోయింది బిడ్డా. దవాఖానల, తెల్లారంగ" అన్నాడు. నేను కుట్టుమిషను మీద ఉన్నాను. చెవికి వినబడింది కానీ కాలు ఆగలేదు. ఎవరిదో జాకెట్టు చేతి మీదుగా కుట్టు అడ్డంగా పోయింది. తర్వాత ఏడుస్తూనే దాన్ని విప్పి మళ్ళీ కుట్టాను. వంకర కుట్టు చూస్తే ఆవిడ ఊరుకునే మనిషి కాదు.

ఆమె గురించి చెప్పాలంటే ముందు మీకు కుర్రు గురించి చెప్పాలి. గోదారి మధ్యలో ఇసుకా మట్టీ పేరుకుని ఏర్పడిన చిన్న దీవిని మా వైపు కుర్రు అంటారు. గోదావరిఖని నుంచి కొంత దూరం పోయి పడవ ఎక్కితే అలాంటిది ఒకటి ఉంది. ఒకప్పుడు దాని మీద కొన్ని ఇళ్ళుండేవి. మక్కజొన్న, పుచ్చకాయ పండించుకునేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు. ఇవతల బొగ్గుబాయిలు తెరిచాక మగవాళ్ళు ఒక్కొక్కరే పడవెక్కి డ్యూటీలకు వచ్చారు. మొదట్లో రోజూ తిరిగి వెళ్ళేవాళ్ళట. క్వార్టర్లు వచ్చాక వెళ్ళడం మానేశారు. మా మామ, అంటే మా ఆయన తండ్రి, అలా వచ్చినవాడే. చివరికి కుర్రు మీద మిగిలింది ఎత్తు దిబ్బ మీది ఒంటిగది బడి మాత్రమే.

ఆ బడి టీచరమ్మకు మొదటి ఉద్యోగం. ఆమె బెల్లంపల్లిలో పుట్టారు. తాతల నాటి నుంచి బాయిపని చేసిన క్రైస్తవ కుటుంబం. పిల్లలు లేక కుర్రు బడి మూతపడ్డాక ఇవతలి ఒడ్డున వేరే బళ్ళలో పాఠాలు చెప్పి, రిటైరై, మా ఎదురు వరుసలో అద్దెకు దిగారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు "పడవ దొరకలే" అని జవాబిచ్చేవారు. చాయ సాసర్లో పోసుకుని వీధంతా వినబడేలా ఊది తాగేవారు. చాక్‌పీసును చిటికెన వేలి గోరంత అయ్యేదాకా వాడేవారు. పొదుపు అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. నేను మాత్రం పిసినారితనమనే అనేదాన్ని, ఆమె ముఖం మీదే. "నీ కత్తెర్ల పడే ముక్కలు సూసి మాట్లాడు" అనేవారు.

రిటైరయ్యాక ఆమెకు ఒక్కటే పట్టుదల. కుర్రు నుంచి బాయిలకు వచ్చిన వాళ్ళ వస్తువులన్నీ ఆ ఒంటిగది బడిలో ఒక్కచోట ఉండాలి. అందుకోసం నెలకో ఆదివారం కాలనీ షెడ్డు కింద అందరినీ కూర్చోబెట్టేవారు. దాని పేరు యాది ఆదివారం. వచ్చినవాళ్ళు ఇంట్లోంచి ఏదో ఒక పాత వస్తువు తేవాలి, ముందు పెట్టుకుని దాని ముచ్చట చెప్పాలి. ఉత్త చేతులతో వచ్చి ఉపన్యాసం మొదలుపెడితే కూర్చోబెట్టేసేవారు. "వస్తువు ముంగటుంటె మనిషి కోతలు కొయ్యడు" అని ఆమె నమ్మకం. అది తప్పని రుజువు చేసినవాళ్ళు మా కాలనీలో చాలామందే ఉన్నారు. అయినా ఆ ఆదివారాలు మాకు సినిమా కన్నా ఎక్కువయ్యాయి. బొగ్గు ఎత్తిన తట్ట, చెమ్మస్ పార, కందీలు, చినిగిన వల, అడుగు పోయిన టిఫిను, అన్నీ వచ్చాయి. ముచ్చట విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళే మరుసటి వారం బడి కప్పుకు రేకులు మోశారు, గోడలకు సున్నం కొట్టారు, పడవకు డీజిలు పోయించారు. ఏ ఆఫీసూ పట్టించుకోని ఆ గదిని నిలబెట్టింది ఆ ఆదివారాలే.

అలాంటి ఒక ఆదివారం మా అత్త, పోయిన మా మామ టోపీని తెచ్చింది. బాయిలో పెట్టుకునే గట్టి టోపీ, లోపలి పట్టీకి చెమట మరక. ముచ్చట చెప్తూ చెప్తూ ఊపులో "తీస్కపోండ్రి టీచరమ్మా, గాడనే ఉండనియ్యి" అని ఇచ్చేసింది. ఇంటికొచ్చాక రెండు పూటలు మూతి ముడుచుకుని కూర్చుంది.

అప్పుడు ఎవరికీ తట్టని సంగతి పెత్తరమాస నాడు బయటపడింది. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య అది. ఆ రోజు మా ఇళ్ళలో పోయిన పెద్దలకు ఇష్టమైనవన్నీ వండి వాళ్ళ ముందు పెడతాం. ఫోటో ఉన్నవాళ్ళు ఫోటో ముందు పెడతారు. మా మామకు ఫోటో లేదు. ఏటా ఆ టోపీకే పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని ముందే విస్తరాకు వేసేవాళ్ళం. మా అత్త గారెలు కాల్చి, పొయ్యి ఆర్పి, ఖాళీ గూడు వంక చూసింది.

"మీ మామ కుర్రు మీద కూసున్నడు. గీడ ఎవలకు పెట్టాలె?" అంది.

విస్తరాకులు మూటగట్టుకుని ఒడ్డుకు పోతే అక్కడ మేమే కాదు. తట్ట ఇచ్చినవాళ్ళు, టిఫిను ఇచ్చినవాళ్ళు, వల ఇచ్చినవాళ్ళు, అందరి చేతుల్లోనూ మూటలే. వాళ్ళ ఇళ్ళలోనూ ఫోటోల్లేవు. పడవ కాక విడతలు విడతలుగా అందరినీ దాటించాడు. కాసేపట్లో ఆ గది నిండా గారెల వాసన, అగర్బత్తుల పొగ. మా అత్త టోపీకి దట్టంగా పసుపు పట్టించింది. టీచరమ్మ రాసిపెట్టిన చీటీ మీద నూనె చుక్కలు పడ్డాయి. చీమలు అప్పటికే బయల్దేరాయి. టీచరమ్మ చేతిలో గుడ్డతో గుమ్మంలోనే నిలబడిపోయారు. క్రైస్తవుల ఇళ్ళలో ఈ పండుగ లేదు, ఆమెకు తెలియలేదు. తెలిసిన మాకేమో ముందు తోచలేదు.

"నేను వస్తువులు జమ చేస్తున్న అనుకున్న. మీ పెద్దలను తెచ్చి తాళమేసిన్నా?" అన్నారు. "ఎవలన్న ఒక్కలు చెప్పచ్చు గదా."

"మీరు అడగలే గద టీచరమ్మా" అంది మా అత్త, గారె చేతిలో పెడుతూ.

ఆ గారె ఆమె గుమ్మం మీద కూర్చుని తిన్నారు. తిన్నాక నన్ను పిలిచి, ఒక్కో వస్తువుకు ఒక్కో సంచీ కుట్టమన్నారు, మీద పేరు వచ్చేలాగ. వచ్చే ఏడు నుంచి పెత్తరమాసకు వస్తువులన్నీ ఇళ్ళకు పోతాయన్నారు. పొద్దున పడవలో ఇవతలికి వస్తాయి, ఇంటివాళ్ళు తీసుకుపోతారు, పొద్దుగూకేలోపు మళ్ళీ తెచ్చిస్తారు.

అంతకుముందే పట్నం నుంచి ఒక పెద్దాయన వచ్చి చూసి, అద్దాల బీరువాలు ఇప్పిస్తానని మాటిచ్చి ఉన్నాడు. మ్యూజియాల పని తెలిసిన మనిషి, మర్యాదస్తుడు. రెండోసారి వచ్చినప్పుడు ఈ ఏర్పాటు విని తల పట్టుకున్నాడు. "ఇళ్ళకు పంపితే దీన్ని మ్యూజియం అనరమ్మా. పగిలిపోతాయి. కొన్ని తిరిగే రావు. నేను బీరువాలు అడగలేను" అన్నాడు. టీచరమ్మ ఆయనకు చాయ పోసిచ్చారు. "మీరన్నది నిజమే సార్. పలుగుతయి, పోతయి. కని ఇవి నావి గావు" అన్నారు. బీరువాలు రాలేదు. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు, ఆ మరుసటి ఏడే ఒక కందీలు గాజు పగిలింది. టీచరమ్మ దాని చీటీ మీద "గాజు పెత్తరమాస నాడు మనవడి చేతిలో పగిలింది" అని రాయించి, అది కూడా దాని ముచ్చటే అన్నారు.

అట్లా ఏటా ఆ ఒక్క రోజు మా మ్యూజియం ఖాళీగా ఉండేది. టీచరమ్మ ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఎండకూ వానకూ ఒకటే నల్ల గొడుగు పట్టుకుని కూర్చునేవారు. నాకు మధ్యాహ్నం నుంచే గుబులు. ఎవరైనా ఉంచేసుకుంటే? ఎక్కడో మర్చిపోతే? ఎవరింటికైనా పోయి చూసొస్తానంటే ఒప్పుకునేవారు కాదు.

"వస్తరు కూసో. సెలవు మీద ఇంటికి పోయినోళ్ళు డ్యూటీకి రారా?"

వచ్చేవారు. పొద్దు వాలుతుంటే ఒక్కొక్కరే సంచీ ఛాతీకి ఆనించుకుని వచ్చేవాళ్ళు. ఆమె సంచీ విప్పి చూసేది లేదు, రెండు చేతులతో అందుకుని "ఏం పెట్టిన్రు ఈసారి?" అని మాత్రం అడిగేవారు. చింతపండు పులుసు, గారెలు, చేపల కూర, కొందరిళ్ళలో ఓ సీసా కూడా. అన్నీ విని తలూపేవారు.

ఒక ఏడు ఒక టిఫిను తిరిగి రాలేదు. శ్రీరాంపూర్‌కు బదిలీ మీద పోయిన కుటుంబం అది. పోయి గట్టిగా అడుగుదామని నేనంటే టీచరమ్మ వద్దన్నారు. కుర్రు మీది గదిలో టిఫిను తగిలించే మేకుకు ఖాళీ సంచీ తగిలించి, కింద "సెలవు పొడిగించారు" అని రాసిన చీటీ పెట్టారు. కుర్రుకు పోయినప్పుడల్లా జనం దాన్ని చూసి నవ్వుకునేవాళ్ళు. ఎండాకాలం చివర్లో ఆ ఇంటి ఆడబిడ్డ టిఫినుతో వచ్చింది. ఆ మధ్యే వాళ్ళ నాయన పోయాడట. ఇల్లు ఒక్కసారిగా బోసిపోయి, వాళ్ళ నాయనమ్మ ఆ టిఫినును తలాపున పెట్టుకుని పడుకునేదట. "ఇప్పుడు జరంత కుదుటపడ్డది టీచరమ్మా" అంది ఆ పిల్ల. టీచరమ్మ ఆమెను దగ్గరికి తీసుకుని చాలాసేపు వదల్లేదు. టీచరమ్మ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

చివరిసారి దవాఖానలో చూసినప్పుడు నా చేయి పట్టుకుని, "సంచులు ఉతికిపెట్టు. వానలకు ముక్కవాసన వస్తయి" అన్నారు. పెద్ద మాటలు చెప్పే అలవాటు ఆమెకు లేదు. చర్చి వెనక సమాధి తోటలో మట్టి వేసేటప్పుడు కూడా నా ధ్యాసంతా సంచుల మీదే ఉంది. ఆమె లేకుండా ఒడ్డున ఎవరు కూర్చోవాలి? కూర్చున్నా, నా మొహం చూసి ఎవరు తెచ్చిస్తారు?

భయం ఉత్తదేం కాదు. ఆమె పోయిన నెలలోనే మాటలు మొదలయ్యాయి. టీచరమ్మ మీద గౌరవంతో ఇచ్చాం, ఇక ఎందుకని. మా ఇంట్లోనే మా అత్త ఒకరోజు అన్నం తింటూ తింటూ చెప్పింది. "గీసారి మీ మామను పంపను. నాకు సుత కాళ్ళు సాతనైతలేవు. ఉన్నన్ని దినాలు ఇంట్లనే ఉంటడు." ఆమె భర్త టోపీ అది. మా అత్తే ఇవ్వకపోతే ఇంకెవర్ని అడగగలను?

మొన్న పెత్తరమాస నాడు పొద్దున పడవ కాకా నేనూ కలిసి వస్తువులన్నీ ఇవతలికి తెచ్చాం. ఉతికిన సంచులు. ఇంటివాళ్ళు వచ్చి తీసుకుపోయారు. నేను ఆ ప్లాస్టిక్ కుర్చీని ఒడ్డున వేశాను కానీ కూర్చోబుద్ధి కాలేదు. పక్కన గడ్డిలో కూలబడ్డాను. మధ్యాహ్నం దాటింది. గోదారి నిండుగా, మట్టి రంగులో పోతోంది. పై ఒడ్డున ఆడపిల్లలు బతుకమ్మకు తంగేడు పువ్వు తెంపుకుపోతున్నారు. కాలిబాట మీద ఎవరూ లేరు. పడవ కాక బీడీ ముట్టించి, ఆర్పి, మళ్ళీ ముట్టించాడు. "వస్తరా కాకా?" అంటే, "టీచరమ్మ ఉన్నప్పుడు నువ్వు గిట్లనే అడుగుతుంటివి" అన్నాడు.

ముందుగా కనబడింది మా అత్త. కర్ర ఊతంగా, ఆగి ఆగి నడుస్తూ వస్తోంది. చంకలో సంచీ, చేతిలో విస్తరాకు మూట. లేచి ఎదురు పోయాను. సంచీ నాకిచ్చింది, మూట ఇవ్వలేదు. నేరుగా కుర్చీ దగ్గరికి పోయి, కొంగుతో దాన్ని తుడిచి, దాని మీద విస్తరాకు విప్పింది. రెండు గారెలు, ఇంత బువ్వ, పులుసు.

"అత్తా, వాళ్ళల్ల ఇట్ల పెట్టరు గదా" అన్నాను.

"మనోళ్ళందరికి ఏటేటా ఇంట్ల బువ్వ పెట్టిచ్చింది. ఆమెకెవలున్నరు పెట్టెటానికి?" అంది. ఆకు మీది గారెలు సర్ది, "మీ మామ కడుపునిండ తిన్నడు. ఇగ పంపు" అంది.

ఆమె వెనకే తట్టవాళ్ళు వచ్చారు. తర్వాత వలవాళ్ళు. శ్రీరాంపూర్ నుంచి ఆ టిఫిను పిల్ల బస్సు దిగి పరుగులాంటి నడకతో వచ్చింది. ఎవరూ ఎవరికీ చెప్పుకున్నట్టు లేదు కానీ ప్రతి ఒక్కరి చేతిలో సంచీతో పాటు ఇంతంత మూట ఉంది. కుర్చీ మీద చోటు చాలక కొందరు కింద పెట్టారు. ఎవరో గ్లాసులో చాయ కూడా తెచ్చి, కింద సాసరు పెట్టారు. నేను సంచులన్నీ పడవలోకి అందించాను. ఒక్కటీ తగ్గలేదు. మా మామ టోపీని మాత్రం, నేనూ పడవెక్కి కూర్చుని, నా ఒళ్ళోనే ఉంచుకున్నాను.

పొద్దుగూకుతోంది, గోదారి దాటాలి. కాక గడ చేతిలోకి తీసుకుని ఒడ్డుకు ఆనించాడు కానీ తొయ్యలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక కాకి కుర్చీ వీపు మీద వాలి, మెడ వంచి అటూ ఇటూ చూసి, కిందికి దిగి మా అత్త పెట్టిన గారె తింటోంది.

"తిననియ్యి" అన్నాడు కాక మెల్లగా, "తిన్నంక పోదం."