ఏడో స్వరంలో చిక్కిన తంతి

మా విజయనగరం తంతి ఆఫీసులో గంగరాజుకి నోటి దురుసు ఎక్కువ. చెవి మాత్రం పాము చెవి. రామతీర్థం దగ్గర సేద్యంలో పెరిగి, తంతి స్తంభాలెక్కే పనిలో చేరి, చివరికి తీగల మీద తంతులు నడిపే యంత్రాలుండే కారియర్ గదిలో మెకానిక్ అయ్యాడు. పక్క గదిలో టెలిప్రింటర్ నాది.

ఒక్క తీగజత మీద ఇరవైనాలుగు తంతులు ఒకేసారి ఎలా పోతాయని చేరిన కొత్తలో గంగరాజుని అడిగాను.

"సందేళ మంద ఊళ్ళోకొస్తాది. దారొకటే, ఏ ఆవు గంట దానిదే. మాయమ్మ పొయ్యికాణ్ణుంచే మా ఆవు గంట పోల్చీసేది. ఇదీ అంతే."

నిజంగా అంతే. ఒక్కో తంతికి ఒక్కో స్వరం. ఆ స్వరం పలకడం ఒక గుర్తు, ఆగడం ఇంకో గుర్తు. ఒకదానితో ఒకటి కలవకుండా మధ్య కాస్త ఎడం ఉంచి, అన్నిటినీ ఒకే తీగలోకి వదులుతారు. అవతల ఒక్కో ఫిల్టరు తన స్వరాన్నే రానిచ్చి మిగతావాటిని ఆపేస్తుంది. ఒకటి చెడినా తక్కినవి చెడవు.

అరవైఏడులో ఒక ఉదయం బరంపురం నుంచి టెక్కలి దగ్గరి భావనపాడు దాలమ్మకి తంతి వచ్చింది. అందులో 'లక్ష్ముడు', 'పదో రోజు' అన్నవే తెలుస్తున్నాయి, మిగతావన్నీ పిచ్చి అక్షరాలు. మళ్ళీ పంపమని చీటీ రాసి వరసలో పెట్టాను. సాయంత్రానికి రాకపోతుందా అనుకున్నాను.

గంగరాజు చూశాడు. "ఒరే, మనిషి పేరూ పదో రోజూ ఉన్న తంతిని వరసలో ఎడతావేటి? నీకు బుర్రున్నాదా?"

హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కో స్వరమే విన్నాడు. ఏడో స్వరంలో ఏదో హోరు కలుస్తోంది, మిగతావి శుభ్రంగా ఉన్నాయి. బరంపురం వాళ్ళని ఫోనులో కేకలేసి, ఆ తంతిని ఖాళీగా ఉన్న పదకొండో స్వరంలోకి మార్పించాడు. ఇవతల తానూ నా టెలిప్రింటర్ తాడుని ఏడులోంచి పీకి పదకొండులో గుచ్చాడు.

"ఇప్పుడు కొట్టమను."

లక్ష్ముడు గోపాల్‌పూర్‌లో బతికే ఉన్నాడు, పదో రోజు కార్యం ఆపండి. ఆ మాటలు నా కళ్ళెదుటే అచ్చయ్యాయి. వెంటనే టెక్కలికి పంపాను. అక్కణ్ణుంచి సైకిలు మీద మనిషి పరిగెత్తాడు.

నెల తర్వాత దాలమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని మా ఆఫీసుకి వచ్చింది. చేపల వేటకెళ్ళిన తెప్ప గాలికి కొట్టుకుపోయి, అతను ఒళ్ళెరగని జ్వరంతో గోపాల్‌పూర్ ఒడ్డున తేలాడట. సైకిలు మనిషి వచ్చేసరికి దాలమ్మని కూర్చోబెట్టి కుడిచేతి గాజులు చితక్కొట్టేశారు. ఎడమచెయ్యి అప్పుడే పట్టుకున్నారట.

పసుపు ముద్ద తెచ్చింది. "ఏ స్తంబానికి రాయాల, బాబూ?"

"ఊరూరా ఉన్నాయే తల్లీ, ఎన్నింటికని రాస్తావు?" అన్నాడు గంగరాజు.

"మరి మా తంతి అంపినోడెవుడు? ఆ కాళ్ళకి రాస్తాను."

నేను తలెత్తలేకపోయాను. ఆ తంతిని వరసలో పెట్టిన చెయ్యి నాదే. గంగరాజు నా వంక చూశాడు. ఆ నోరు ఎలాంటిదో నాకు తెలుసు కదా, ఉన్నదున్నట్టు చెప్పేస్తాడనుకున్నాను.

"ఈ గుంటడూ నేనూ కలిసే అంపినాం, తల్లీ" అన్నాడు.

దాలమ్మ నా తల నిమిరింది. రెండు చేతుల గాజులూ నా చెవి పక్కనే గలగలమన్నాయి.