ఆమెన్ ఆలస్యమైన రోజు

అట్లాంటా ఎయిర్‌పోర్టులో విమానం కోసం ఎదురుచూస్తూ, పులిహోర డబ్బా తెరిచి కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నాను. కళ్లు తెరిచేసరికి పక్క కుర్చీలో కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జెర్సీ వేసుకున్న ఒక తెలుగావిడ నన్నే చూస్తోంది.

"వందనాలు బ్రదర్. ఆ టీవీలో ఆడుతున్నది మా అబ్బాయి టీమే. వాడికిది ఫస్ట్ గేమ్. అవతలివాళ్లను చూడండి, ఒక్కొక్కడు ఫ్రిజ్‌లా ఉన్నాడు. మావాడేమో పీలగా ఉంటాడు. తొక్కేస్తారేమోనని భయంగా ఉంది. కాస్త ప్రార్థన చేయండి."

"సైజుదేముందమ్మా, స్పీడ్ ఉంటే చాలు."

"స్పీడ్‌కేం తక్కువ లేదు. సండే స్కూల్ నుంచి పారిపోతే పాస్టర్‌గారు కూడా పట్టుకోలేకపోయేవారు!"

నవ్వుకుని, ఇద్దరం తలలు వంచి కళ్లు మూసుకున్నాం. నా ప్రార్థనలు పెద్దవని మా సంఘంలో పేరు. భూమ్యాకాశాలను సృజించిన తండ్రిని స్తుతించి, రోగులనూ పైలట్లనూ దేశాధినేతలనూ జ్ఞాపకం చేసుకున్నాను. ఇంకా ఫుట్‌బాల్ దాకా రానేలేదు, ఆమె "హల్లెలూయా!" అని కేక పెట్టింది. ఆత్మ ఆమెను తాకిందనుకుని నేను గొంతు ఇంకాస్త పెంచాను.

"బ్రదర్, ఆమెన్ అనేయండి! మావాడు బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తి, చివరి గీత దాటేసి పాయింట్లు తెచ్చేశాడు. ఒక్కడి చెయ్యి కూడా తగల్లేదు!"

కళ్లు తెరిచాను. ఆమె లేచి నిలబడి, చెంపల మీద కన్నీళ్లతో చప్పట్లు కొడుతోంది. నేను ఆమెన్ అన్నాను.

ఇప్పుడు సంఘంలో నన్ను ప్రార్థించమంటే, అడగాల్సింది ముందే అడిగి, వెంటనే ఆమెన్ అనేస్తాను. బిర్యానీ వేడిగా ఉండగానే భోజనాలు మొదలవుతున్నాయని అందరికీ సంతోషం.